పాలమూరు, నల్లగొండ నుంచి వెళ్లేవారికి ఏ దేశం మేలు: జీతం కంటే ముందు చూడాల్సిన లెక్కలు

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న పిల్లల ఇంట్లోనూ, పదో తరగతితో చదువు ఆపి ఎలక్ట్రీషియన్ పనో తాపీ పనో నేర్చుకున్న యువకుల ఇంట్లోనూ ఈ రోజుల్లో ఒకే ప్రశ్న నలుగుతోంది: వెళ్తే ఏ దేశం వెళ్లాలి? నల్లగొండ, మిర్యాలగూడ, కోదాడ వైపు ఈ ప్రశ్నకు అమెరికా అనే జవాబు చాలాకాలంగా సిద్ధంగా ఉంది. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు వలస అంటే తరతరాలుగా బొంబాయి, పుణె. దేశం దాటే ఆలోచన అక్కడ కొంత ఆలస్యంగా మొదలైంది. రెండు వైపులా ఇప్పుడు జవాబు మునుపటంత తేలికగా లేదు. అమెరికా తలుపు ఇరుకైంది, కెనడా నిబంధనలు మారాయి, జర్మనీ, జపాన్ లాంటి దేశాలు కొత్తగా పిలుస్తున్నాయి. ఎంపిక ఎంత పెరిగిందో, పొరపాటు ఎంపికకు చెల్లించాల్సిన మూల్యమూ అంతే పెరిగింది.

ఈ ప్రశ్నకు పత్రికల్లో తరచుగా దొరికే సమాధానం ర్యాంకుల పట్టిక. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2025లో వెలువరించిన మానవాభివృద్ధి నివేదికలో ఐస్‌లాండ్ మొదటి స్థానంలో ఉంది, ఆ వెంటనే నార్వే, స్విట్జర్లాండ్ ఉన్నాయి. భారతదేశం 130వ స్థానంలో ఉంది. లెగటమ్ సంస్థ 2023లో ప్రకటించిన సౌభాగ్య సూచీలో డెన్మార్క్, స్వీడన్, నార్వే తొలి మూడు స్థానాలు పొందాయి. ఈ లెక్కలు తప్పు కాదు. అయితే అవి కొలిచేది ఒక దేశపు మొత్తం జనాభా సగటు జీవితాన్ని. అప్పు చేసి, తాత్కాలిక వీసా మీద, అక్కడి భాష రాకుండా దిగిన మనిషి మొదటి పదేళ్ల జీవితాన్ని కాదు. విదేశాల్లో ఉంటున్నవారినే అడిగి చేసే సర్వేలూ కొన్ని ఉన్నాయి గానీ, వాటిలో కంపెనీలు పంపిన ఉద్యోగుల గొంతు వినిపించినంతగా కూలీల గొంతు వినిపించదు. అలాంటి ఒక సర్వేలో 2024లో పనామా మొదటి స్థానంలో నిలిచింది. అచ్చంపేట యువకుడి ఎంపికకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పట్టికల్లో ఒకదాన్ని మాత్రం శ్రద్ధగా చూడాలి. ప్రపంచ సంతోష నివేదిక 2018 సంచికలో వలసదారుల సంతోషాన్ని విడిగా లెక్కగట్టి, 117 దేశాలకు వేరుగా ర్యాంకులు ఇచ్చారు. స్థానికుల సంతోషంలోనూ వలసదారుల సంతోషంలోనూ ఫిన్లాండే మొదటిది. ఒక దేశానికి వచ్చినవారి సంతోషం చాలావరకు అక్కడి స్థానికుల సంతోషపు స్థాయికే దగ్గరగా చేరుతుందని ఆ నివేదిక తేల్చింది. అంటే మంచి బడి, మంచి ఆసుపత్రి, పనిచేసే పోలీసు వ్యవస్థ, నమ్మదగిన ప్రభుత్వ కార్యాలయం అనేవి వచ్చినవారికీ అందుతాయి. అయితే అవి అందాలంటే ఆ దేశంలో నిలబడి ఉండే హక్కు ముందుగా ఉండాలి. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న పాలమూరుకు కొత్తది కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసింది పాలమూరు లేబరే. కరువు ఏడాది గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకున్న కుటుంబం ఆ అప్పు తీరేదాకా అతడు చెప్పిన చోట, చెప్పిన కూలికి పనిచేయాల్సి వచ్చేది. పక్క సైటులో ఎక్కువ కూలి ఇస్తున్నారని తెలిసినా అక్కడికి పోయే స్వేచ్ఛ ఉండేది కాదు. కూలి రేటు కంటే ఈ కట్టుబాటే ఆ కుటుంబాన్ని పేదరికంలో ఉంచింది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ వలసను మూడు మాటల్లో చెప్పుకొన్న రోజుల నుంచి ఈ అనుభవం మన ఊళ్లలో ఉంది. దాన్నే కొలబద్దగా తీసుకుని దేశాలను చూస్తే ర్యాంకుల పట్టికలకు భిన్నమైన వరుస కనిపిస్తుంది. వెళ్లడానికి ఎంత అప్పు అవుతుంది, యజమానిని మార్చుకోవచ్చా, ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఉండనిస్తారు, భార్యాపిల్లలు వెంట ఉండవచ్చా, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, ఎన్నేళ్లకు స్థిరపడే హక్కు వస్తుంది అన్నవి జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు.

ఈ కొలబద్దకు గల్ఫ్ దేశాలు మొదట లొంగవు. యూఏఈ, ఖతార్ జనాభాలో పది మందికి దాదాపు తొమ్మిది మంది విదేశీయులే. వలసదారులే అంత ఎక్కువగా ఉన్న దేశాలు ప్రపంచంలో అరుదు. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, విమాన ప్రయాణం కొన్ని గంటలే. తక్కువ చదువున్నవారికి ఇంత పెద్ద సంఖ్యలో పని ఇచ్చే ప్రాంతం మరొకటి లేదన్నదీ నిజమే. చట్టాలూ కొంత మారాయి. ఖతార్ 2020లో, పాత యజమాని అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుంచి జాతీయత ఏదైనా సరే నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం, వసతి, భోజనం యజమాని ఇవ్వకపోతే వాటికి వరుసగా 500, 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలని నిర్ణయించింది. యూఏఈలో వేతనాలు బ్యాంకు ద్వారానే చెల్లించే పద్ధతి ఉంది. ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం ఆరుబయట పని చేయించడం నిషేధం. కఫీల్ (వీసా పూచీదారైన యజమాని) చేతిలో పాస్‌పోర్టు పెట్టి బతికిన తరంతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు.

అయినా గల్ఫ్‌ను జీవన నాణ్యత పట్టికలో పైన పెట్టడం సాధ్యం కాదు. అక్కడ పదేళ్లు, ఇరవై ఏళ్లు పనిచేసిన కూలీకి కూడా స్థిర నివాసం రాదు. పౌరసత్వం ఊసే లేదు. అక్కడి ప్రభుత్వం నిర్ణయించినంత జీతం లేనివారు కుటుంబాన్ని తీసుకుపోలేరు కాబట్టి పెళ్లయిన కొన్ని నెలలకే విమానమెక్కి, పిల్లలు పెద్దయ్యేదాకా సెలవుల్లో మాత్రమే ఇల్లు చూసేవారు వేలల్లో ఉంటారు. ఖతార్ కనీస వేతనం మన డబ్బులో ఇరవై వేల రూపాయలకు కాస్త పైన ఉంటుంది. హైదరాబాద్‌లో పని తెలిసిన తాపీ మేస్త్రీ సంపాదించేదానితో పోలిస్తే ఆ తేడా కోసం లక్షల అప్పు చేయడం నష్టపు బేరం. క్రేన్ ఆపరేటర్, వెల్డర్, ఏసీ మెకానిక్, నర్సు లాంటి నైపుణ్యం ఉన్నవారికి మాత్రమే గల్ఫ్ లెక్క లాభంగా తేలుతుంది. అది కూడా కంపెనీ వీసా మీద, ఒప్పంద పత్రం చేతిలో పట్టుకుని వెళ్లినప్పుడే. ఎక్కడైనా పనిచేసుకోవచ్చని దళారులు చెప్పే ఆజాద్ వీసా పేరుతో, విజిట్ వీసా మీద వెళ్లినవారు అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివెల్లిగా, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవారిగా మిగిలి ఏళ్ల తరబడి ఇంటి మొహం చూడలేని స్థితికి చేరడం తెలంగాణలో ఎవరికీ తెలియని సంగతి కాదు.

ఈ నష్టంలో పెద్ద భాగం విమానం ఎక్కకముందే జరుగుతుంది. భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంటు ఒక కార్మికుడి నుంచి తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. ఏజెంటుకు నిజంగా లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పదో తరగతి పాసవని వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఆ దారిలో వెళ్లినవారికి కేవలం 275 రూపాయలకు రెండేళ్లు, 375 రూపాయలకు మూడేళ్లు వర్తించే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్లినవారికి ఈ రక్షణ ఏదీ ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అది అవసరమైన నిర్ణయమే. కానీ మనిషి ప్రాణంతో ఉండగా అతడిని చట్టబద్ధమైన దారిలో పంపడానికి అంతకు పదింతల శ్రద్ధ పెట్టాల్సి ఉంది.

అమెరికా సంగతి దీనికి పూర్తిగా భిన్నంగా కనిపిస్తుంది. సంపాదనలో ఏ దేశమూ దానికి సాటి రాదు. భారతీయ సంతతి వారి కుటుంబ మధ్యస్థ వార్షికాదాయం ఒకటిన్నర లక్షల డాలర్ల దాకా ఉంది. మొత్తం అమెరికా కుటుంబాల మధ్యస్థ ఆదాయం 2023లో 80 వేల డాలర్లకు కాస్త పైన. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బులో 27.7 శాతం అమెరికా నుంచి, 19.2 శాతం యూఏఈ నుంచి వచ్చాయి. రాష్ట్రాల వారీగా చూస్తే మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాతి స్థానం తెలంగాణది, 8.1 శాతం. సూర్యాపేట, నల్లగొండల్లో కొత్తగా లేచిన ఇళ్లు, హైదరాబాద్ శివార్లలో ఈ జిల్లాలవారు కొన్న ఫ్లాట్లు ఈ అంకెలకు రుజువులు.

అయితే ఆ ఒకటిన్నర లక్షల డాలర్లు ఎక్కువగా ఇరవై, ముప్పై ఏళ్ల క్రితం వెళ్లి స్థిరపడినవారివి. 2025లో వెళ్తున్న విద్యార్థి ఎక్కే మెట్లు వేరు. ఎంఎస్ కోసం ఇల్లో పొలమో తాకట్టు పెట్టి నలభై, యాభై లక్షల అప్పు చేస్తాడు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద సాంకేతిక విద్య వారికి మూడేళ్లు పనిచేసే వీలుంటుంది. ఈలోగా ఏటా 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20,000 మాత్రమే ఉండే హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. 2025 సెప్టెంబరులో దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించడంతో ఇక్కడి నుంచి నేరుగా ఉద్యోగంలోకి వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. వీసా వచ్చినా అది యజమానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరో యజమాని అతడి కోసం దరఖాస్తు చేయాలి, లేకపోతే దేశం విడిచి వెళ్లాలి. ఉద్యోగంతో వచ్చిన ఆరోగ్య బీమా కూడా అదే రోజుల్లో పోతుంది. గ్రీన్ కార్డు విషయంలో ఉద్యోగాల కోటా ఏడాదికి 1,40,000. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల భారత్‌లో పుట్టినవారి వరుస ఎంత పొడవైందంటే, 2025లో ఈబీ-2 (పీజీ స్థాయి నిపుణుల) తరగతిలో 2013 ప్రాంతంలో దరఖాస్తు చేసినవారి వంతు నడిచింది. ఆ వరుసలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారి మీద ఆధారపడిన వీసా చెల్లదు. పసితనం నుంచి అక్కడే చదివిన పిల్లవాడు కొత్తగా విద్యార్థి వీసా కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది. పెద్ద జీతం, ఏళ్ల తరబడి తీరని అనిశ్చితి ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. అడ్వాన్సు తీరేదాకా సైటు మారలేని కూలీకీ, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఉద్యోగం మారాలంటే వెనకాడే ఇంజనీరుకూ ఆదాయంలో పోలికే లేకపోవచ్చు, కట్టుబాటులో మాత్రం ఉంది.

ఈ కోణంలో చూసినప్పుడు ఆస్ట్రేలియాకు సాధారణంగా ఇచ్చే దాని కంటే పై స్థానం ఇవ్వాలి. అక్కడ పాయింట్ల పద్ధతిలో యజమానితో సంబంధం లేకుండా స్థిర నివాసం పొందే దారి ఉంది. నర్సులు, టీచర్లు, ఎలక్ట్రీషియన్లు, కార్పెంటర్లు, ప్లంబర్లు కూడా ఆ జాబితాల్లో ఉండడం మన జిల్లాలకు ముఖ్యం. ఐటీఐ చదువును, పని అనుభవాన్ని అక్కడి సంస్థ పరీక్షించి గుర్తిస్తే, ఇంగ్లిష్ పరీక్షలో మార్కులు వస్తే, డిగ్రీ లేనివారికీ అవకాశం ఉంటుంది. యజమాని స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే 2024 జులై నుంచి మరో యజమానిని వెతుక్కోవడానికి ఒకేసారి 180 రోజుల గడువు ఇస్తున్నారు. అమెరికా ఇచ్చే అరవై రోజులతో పోల్చండి. కనీస వేతనం 2025 జులై నుంచి గంటకు 24.95 ఆస్ట్రేలియా డాలర్లు, యజమాని జీతంపై 12 శాతం పదవీ విరమణ నిధికి అదనంగా జమ చేయాలి. నాలుగేళ్లు చట్టబద్ధంగా నివసించి, అందులో చివరి ఏడాది స్థిర నివాసిగా ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు: విద్యార్థి వీసా రుసుమే 2,000 డాలర్లకు చేరింది, సిడ్నీలో ఇంటి అద్దెలు సంపాదనను మింగుతాయి.

కెనడాకు మూడు నాలుగేళ్ల క్రితం ఉన్న ఆకర్షణ తగ్గింది. 2024 జనవరిలో విద్యార్థి అనుమతులకు పరిమితి పెట్టారు, విద్యార్థి చూపాల్సిన నిధిని 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు పెంచారు, 2025కు స్థిర నివాసాల లక్ష్యాన్ని ఐదు లక్షల నుంచి 3,95,000కు దించారు. ఫ్రెంచ్ వచ్చినవారికి, ఆరోగ్య రంగం వారికి, కొన్ని చేతివృత్తుల వారికి ఇంకా దారి ఉంది. మామూలు డిప్లొమా కోర్సులో చేరి స్థిరపడదామనుకునేవారికి లేదు. బ్రిటన్ గురించి ఇంకా తక్కువ చెప్పుకున్నా సరిపోతుంది. వృద్ధుల సంరక్షణ వీసా కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు దళారులకు లక్షలు పోసిన తర్వాత, 2024 మార్చిలో కుటుంబాన్ని తీసుకురావడం ఆపేశారు, 2025 జులైలో విదేశాల నుంచి ఆ నియామకాలనే మూసేశారు. ఒక దేశం నియమాలు ఇంత త్వరగా మారగలవన్నదాన్ని కూడా ఎంపికలో ఒక లెక్కగా పెట్టుకోవాలి.

జర్మనీ విషయంలో కాస్త ఆగి ఆలోచించడం అవసరం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటివారి నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. విద్యార్థి తన పేరిట బ్యాంకులో ఏడాదికి 11,904 యూరోలు పెట్టాలి, కానీ అది నెలనెలా తన ఖర్చుకే తిరిగి వచ్చే సొమ్ము. అంటే అమెరికాకు చేసే అప్పులో కొద్ది భాగంతోనే పీజీ పూర్తవుతుంది. అప్పు తక్కువైనప్పుడు మొదటి ఉద్యోగం కోసం ఎవరికీ తలవంచాల్సిన అవసరం తగ్గుతుంది, ఇదే ఈ దేశానికి ఉన్న పెద్ద బలం. డిగ్రీ ఉన్న నిపుణులకిచ్చే బ్లూ కార్డు ఉన్నవారు జర్మన్ భాషలో బీ1 అనే మధ్య స్థాయి చూపితే 21 నెలలకే, మొదటి స్థాయి మాత్రమే వస్తే 27 నెలలకు స్థిర నివాసం పొందవచ్చు. 2024 జూన్‌లో వచ్చిన చట్టం సాధారణ పౌరసత్వ గడువును ఎనిమిది నుంచి ఐదేళ్లకు తగ్గించింది. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఆదాయం లేని భార్యా పిల్లలకు విడిగా చందా కట్టనవసరం లేదు. తగినంత కాలం చందా కట్టి ఉద్యోగం పోయినవారికి కోతలు పోను చేతికందే జీతంలో అరవై శాతం, పిల్లలుంటే 67 శాతం భృతిగా వస్తుంది.

దానికి చెల్లించే ధర కూడా ఉంది. పన్ను, బీమా చందాలు కలిపి ఒంటరి ఉద్యోగి జీతంలో మూడో వంతుకు పైగా కోత పడుతుంది. అమెరికాలో మిత్రుడు ఇంటికి పంపే మొత్తాన్ని జర్మనీలో ఉన్నవాడు పంపలేడు. భాష రాకపోతే సాఫ్ట్‌వేర్ వెలుపల ఉద్యోగం దొరకడం కష్టం, దొరికినా పొరుగువారితో, పిల్లల బడితో, డాక్టరుతో మాటలు కలవవు. అయినా 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ఆ దేశం ప్రకటించింది. నర్సులకు, ఔస్‌బిల్డుంగ్ అనే పనితో కూడిన మూడేళ్ల శిక్షణలో చేరే ఇంటర్ విద్యార్థులకు అక్కడ నిజమైన కొరత ఉంది. శిక్షణ కాలంలో నెలనెలా భత్యం కూడా ఇస్తారు.

జపాన్‌ది ఇలాంటిదే మరో దారి. 2019లో తెచ్చిన నిర్దిష్ట నైపుణ్య వీసాలో నిర్మాణం, సంరక్షణ, వ్యవసాయం వంటి రంగాలకు డిగ్రీ అక్కర్లేదు, జపనీస్ భాష, పని పరీక్ష చాలు. మొదటి దశ ఐదేళ్లు కుటుంబాన్ని తీసుకుపోలేరు, రెండో దశ ఉన్న రంగాల్లో దానికి చేరితే తీసుకుపోవచ్చు. గల్ఫ్‌లో ఎప్పటికీ తెరుచుకోని తలుపు ఇక్కడ ఆలస్యంగానైనా తెరుచుకుంటుంది. నార్డిక్ దేశాలు, అన్ని పట్టికల్లోనూ పైనున్నప్పటికీ, మన ప్రాంతం వారిలో కొద్దిమంది ఐటీ, పరిశోధన నిపుణులకు తప్ప పెద్ద సంఖ్యకు అందుబాటులో లేవు.

జీతాలను రూపాయల్లోకి మార్చి పోల్చుకోవడం ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. మారకపు రేటు ప్రకారం డాలరు ఎనభై అయిదు రూపాయలు దాటినా, అక్కడ ఒక డాలరుతో కొనగలిగిన వస్తువులు, సేవలు ఇక్కడ సుమారు ఇరవై రూపాయలకే దొరుకుతాయని ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కలు సూచిస్తాయి. అంటే అక్కడ ఉండి ఖర్చు పెట్టినప్పుడు జీతం చిన్నది, ఇక్కడికి పంపినప్పుడే పెద్దది. కాబట్టి తిరిగి రావాలనుకునేవారికీ, అక్కడే ఉండిపోదామనుకునేవారికీ మంచి దేశం ఒకటి కాదు. పదేళ్లు సంపాదించి కల్వకుర్తిలో ఇల్లు కట్టుకుందామనుకునే నిపుణుడికి అమెరికా గానీ, పన్ను లేని దుబాయి గానీ సరిపోవచ్చు. పిల్లల్ని అక్కడే పెంచుదామనుకునేవారికి ఆ రెండూ ఇప్పటి పరిస్థితుల్లో ఆస్ట్రేలియా, జర్మనీల తర్వాతే వస్తాయి. రైతు కుటుంబాలు మరో సంగతి కూడా గమనించాలి. విదేశీ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, వారసత్వంగా మాత్రమే పొందవచ్చు.

ఇంట్లో ఉన్న ముసలి తల్లిదండ్రుల లెక్క మాత్రం ఈ వరుసను కొంత తారుమారు చేస్తుంది. అమెరికాలో పౌరసత్వం వచ్చినవారు తల్లిదండ్రులకు కోటాతో సంబంధం లేకుండా గ్రీన్ కార్డు ఇప్పించగలరు. ఆస్ట్రేలియాలో మామూలు తల్లిదండ్రుల వీసాకు దశాబ్దాలు వేచి ఉండాలి, తొందరగా కావాలంటే ఒక్కొక్కరికి దాదాపు 48,000 ఆస్ట్రేలియా డాలర్లు కట్టాలి. కెనడా సూపర్ వీసా మీద ఒక్కో రాకలో ఐదేళ్ల దాకా ఉండనిస్తుంది. జర్మనీ 2024 మార్చి తర్వాత వచ్చిన నిపుణుల తల్లిదండ్రులకు చట్టంలో చోటు కల్పించింది గానీ, వారి పోషణకూ ఆరోగ్య బీమాకూ పూచీ చూపాలి. ఆ వయసువారికి అక్కడ బీమా దొరకడమే కష్టం.

వీటన్నిటినీ తూచితే దక్షిణ తెలంగాణలోని సాధారణ కుటుంబానికి, అంటే చేతిలో పెద్ద పెట్టుబడి లేక పొలమో ఇల్లో తాకట్టు పెట్టక తప్పని కుటుంబానికి, జీతం కొంత తక్కువైనా అప్పు తక్కువై, స్థిరపడే తేదీ ముందే తెలిసిన దేశమే మేలు. దానికి అడ్డం వస్తున్నది వీసా కంటే భాష. టామ్‌కామ్ అనే తన విదేశీ ఉద్యోగాల సంస్థ ద్వారా రాష్ట్ర ప్రభుత్వం నర్సులకు జర్మన్, యువకులకు జపనీస్ నేర్పించి పంపుతోంది గానీ, ఆ శిక్షణ కోసం గద్వాల, దేవరకొండ, హుజూర్‌నగర్ పిల్లలు హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు పెట్టుకుని నెలల తరబడి ఉండాల్సి వస్తే పేద ఇంటి పిల్లలు మొదటి నెలలోనే వెనక్కి వచ్చేస్తారు. పాలమూరు విశ్వవిద్యాలయంలోనూ, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనూ, జిల్లాల ఐటీఐలు, నర్సింగ్ కళాశాలల్లోనూ ఈ రెండు భాషల తరగతులు చదువుతో పాటే సాగితే, కోర్సు పూర్తయ్యేనాటికి ఆ భాషా పరీక్ష రాయగలిగిన విద్యార్థికి ఏ దళారీకీ లక్షలు కట్టే అవసరం ఉండదు.